మన పురుగుల ఫొటోల సంఘం: ఈ ఏటి వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా కృతజ్ఞతలు. నెలనెలా సమావేశాలకు తమ డాబా ఇచ్చిన ఉపాధ్యక్షులకు, వచ్చినవారందరికీ టీ, ఉప్మా పెట్టిన వారి ఇంటివారికి, తన దగ్గరున్న పాత 50 ఎంఎం మాన్యువల్ లెన్సులు రెండు సంఘానికి ఊరికే ఇచ్చేసిన స్టూడియో యజమానికి, తెల్లవారకముందే ఆటో తెచ్చి ఒక్కరోజు కూడా ఆలస్యం చేయని డ్రైవర్ గారికి, రామతీర్థం దగ్గర తమ మామిడితోట తాళంచెవి మన చేతిలో పెట్టిన రైతు దంపతులకు సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది 11 ఉదయపు నడకలు జరిగాయి. ఎక్కువ భాగం పెద్దచెరువు గట్టు మీద, రెండు తాటిపూడి జలాశయం దగ్గర, ఒకటి పుణ్యగిరిలో. అంత పొద్దున్నే ఎందుకని కొత్త సభ్యులు అడుగుతున్నారు. తూనీగకు ఎండ తగిలి ఒళ్లు వేడెక్కితేగాని రెక్కలు ఆడవు. మంచు ఆరేలోపు వెళ్తే బొట్లతో సహా గడ్డిపరక మీద కూర్చుని ఉంటుంది. ఎండెక్కాక వచ్చినవారికి మిగిలేది ఆ గడ్డిపరకే. వర్షాలు వెనకబట్టాక చెరువు మీద గుంపులుగా తిరిగిన పసుపు తూనీగలను చాలామంది తీశారు. మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వైపు వెళ్లే జాతి అది. మన చెరువు గట్టున దానికి ఒక్క మంచి ఫొటో దొరికినా నాకు గర్వమే.

ఆరుద్ర కార్తె నడకకు పిల్లలు కూడా వచ్చారు. చిన్నప్పుడు మనం అగ్గిపెట్టెల్లో దాచుకున్న ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లున్నాయని ఫొటో పెద్దది చేసి లెక్కపెట్టింది ఆరో తరగతి పాప. అవును, అది సాలీడు వర్గానిది, కీటకం కాదు. ఇకమీదట అగ్గిపెట్టెలు వద్దని పిల్లలే తీర్మానించారు. అలాగే పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీసిన ఫొటోలను సంఘం గ్రూపులో పెట్టకూడదన్న నియమం ఈ ఏడాదీ అమల్లో ఉంది.

చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్సు కొనలేని సభ్యుల కోసం ఒక ఆదివారం శిక్షణ పెట్టాం. మామూలు లెన్సును రివర్స్ రింగుతో తిరగేసి బిగించడం, ఫ్లాష్ ముందు పాలప్యాకెట్ కవరు, థర్మోకోల్ పెట్టి వెలుతురును మెత్తబరచడం నేర్పాం. తిరగేసిన లెన్సు అపెర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, కెమెరా మాట వినదు. చేత్తో తిప్పే రింగున్న ఆ పాత లెన్సులు అందుకే అంత విలువైనవి. పురుగు బొమ్మ కెమెరా లోపల దాని అసలు సైజులోనే పడేలా తీసేటప్పుడు ఆ రంధ్రాన్ని ఎఫ్/8కి చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే మందం మిల్లీమీటరుకు లోపే. ఊపిరి పీలిస్తే పురుగు కన్ను తప్పి దాని మీసం మీద ఫోకస్ పడుతుంది. మోచేతిని మోకాలికి ఆనించి తీయడం ఆ రోజు అందరితో చేయించాం.

ఇక జులై ఆఖరి వారం రాత్రి సంగతి. 2012 నుంచి ఏటా ఆ వారంలో ఎన్నో దేశాల్లో రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులను దీపం పెట్టి నమోదు చేస్తున్నారు. మన జిల్లాలో మనమూ చేద్దామని అమావాస్య దగ్గర్లో ఒక శనివారం ఎంచుకున్నాం. రామతీర్థం తోటలో రెండు మామిడి చెట్ల మధ్య అధ్యక్షుల వారి తెల్ల పంచె కట్టి, మెర్క్యురీ బల్బు వేలాడదీశాం. జల్లు ఆగి ఉక్కగా ఉంది. ఎనిమిదిన్నరకల్లా పంచె నిండిపోయింది. తెలుపు చూసి కెమెరా మోసపోయి ఫొటోలు నల్లగా వస్తుంటే, ఎక్స్‌పోజర్ (లోపలికి వచ్చే వెలుతురు) పెంచుకోమని అందరికీ చెబుతూ తిరిగాను.

పదిన్నరకు అరచేతి వెడల్పున్న పురుగొకటి వచ్చి వాలింది. వీపు మీద పుర్రె ఆకారం. వేలితో మామిడి బెరడు మీదికి ఎక్కించబోతే కీచుమని అరిచింది. పక్క నువ్వుచేను రైతు తాత ముందుకొచ్చి, "ఇదేటి బాబూ, దీని ఈపు మీద మనిషి తలకాయుంది!" అన్నారు. ఆ సాయంత్రమే ఆయన చేలో మన సభ్యుడొకరు తీసిన, తోక దగ్గర కొమ్మున్న లావుపాటి గొంగళి ఫొటో చూపించి, అదే ఇలా మారుతుందని చెప్పాం. తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దున్నినప్పుడు మట్టిలో ఎర్రగా కాయలాంటిది దొరుకుద్ది, అదీ ఇదేనా?" అని అడిగారు. అదే, గొంగళికీ రెక్కల పురుగుకీ మధ్య దశ, దాని ప్యూపా. గొంగళిని, కాయను, రెక్కల పురుగును మూడింటినీ ఎరిగిన మనిషి ఆయన, ఆ రాత్రి వాటిని ఒకటిగా కలుపుకున్నారు. ఈ సంఘం పెట్టింది ఇందుకేనని నాకు అనిపించింది.

ఆ రాత్రికి వస్తామని పేర్లిచ్చింది 19 మంది. వచ్చింది ఏడుగురు. జనరేటర్ మోసింది కోశాధికారి, నేను, ఆటో డ్రైవర్ గారు. రాలేకపోతే ముందురోజు ఒక్క ఫోన్ చేయవచ్చు కదా! బాధతోనే రాస్తున్నాను, ఎవరూ మరోలా అనుకోవద్దు.

ఫొటోల ప్రదర్శనకు హాలు ఇమ్మని ఒక కార్యాలయం చుట్టూ మూడు నెలలు తిరిగాం. దరఖాస్తు రెండుసార్లు పోయింది, మూడోసారి "పురుగుల ఫొటోలెవరు చూస్తారు" అన్నారు. చివరికి ఒక బడి వరండాలో తాళ్లు కట్టి 40 ఫొటోలు పెట్టాం. పిల్లలు గంట కొట్టినా కదల్లేదు. ఆ ప్రధానోపాధ్యాయురాలికి ప్రత్యేక ధన్యవాదాలు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి సంతకంతో జతపరిచాం. అప్పు లేదు, కొద్దిగా నిల్వ ఉంది. చందా బాకీలున్నవారు ఈ రోజే చెల్లించగలరు.

వచ్చే ఏడాదికి ఒకటే కోరుతున్నాను. గ్రూపులో రోజూ అందమైన ఫొటోలు వస్తున్నాయి. ఎక్కడ తీశారు, ఏ రోజు, ఏ మొక్క మీద అన్నది ఎవరూ రాయడం లేదు. జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో మన జిల్లా పురుగులు చేరాలంటే కనీసం చోటు, తేదీ కావాలి. రామతీర్థం తోట రాత్రి ఫొటోల్లో సగం ఇంకా పేరు పెట్టకుండా నా కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆదివారాలు రెండు గంటలు కూర్చుని వాటిని నమోదు చేయడానికి నలుగురు కావాలి. పేర్లు ఇవ్వాలనుకునేవారు సమావేశం అయ్యాక నన్ను కలవండి. నిజంగా రాగలిగినవారే ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి,
విజయనగరం