నాన్నగారికి, ఆరు ఫొటోలతో

నిషి కసాయ్, టోక్యో
నవంబర్ 16

నాన్నగారికి,

నేను బాగానే ఉన్నాను. ఈ మాట ముందు అమ్మకి చదివి వినిపించండి, లేకపోతే మిగతాది మిమ్మల్ని చదవనివ్వదు. మొన్న టీవీలో చూపించిన భూకంపం మాకు చాలా దూరం. ఇక్కడ తలుపుకి తగిలించిన గొడుగు కాస్త ఊగింది, అంతే. కందిపొడి, మాగాయ అందాయి. మాగాయ సీసా మూత వదులై నూనె కారింది గానీ కవర్లోనే ఆగింది. ఆఫీసు మామూలే, మార్చి దాకా ఇదే ప్రాజెక్టు.

ఫోన్లో మీరు రెండు మాటలకే "ఇదిగో, అమ్మకిస్తున్నా" అనేస్తారు. అందుకే కాగితం పట్టుకున్నాను.

అక్క రాత్రుళ్లు గేమ్ ఆడుతోందని చెల్లి ఇంట్లో చెప్పిందట. నిజమే నాన్నా, ఆడుతున్నాను. దాని కోసం నిద్ర మానుకోవడం లేదు, తిండి మానుకోవడం లేదు. వారం రోజులూ ఎవరితో ఒకరితో మాట్లాడుతూనే ఉంటాను. ఆదివారం సాయంత్రమే తెలుగు మాట లేకుండా పోతుంది, అప్పుడు తీస్తాను. అమ్మ అనుకుంటున్నట్టు అది తుపాకులు పేల్చేది కాదు. మనకో దీవి ఇస్తారు. చెట్లు నాటుకోవాలి, వాగు తవ్వుకోవాలి, దారులు వేసుకోవాలి. ఇరుగుపొరుగున పది జంతువులుంటాయి. నా పక్కిల్లు ఎలుగుబంటిది. ఇప్పపూల కాలంలో మిమ్మల్ని చెట్టెక్కించినదానిలాంటిది కాదు, చాలా మంచిది. బయటి దేశాల్లో ఈ గేమ్‌ని యానిమల్ క్రాసింగ్ అంటారు. ఇక్కడివాళ్లు మాత్రం 2001లో మొదటిది వచ్చినప్పటి నుంచీ 'దోబుత్సు నో మొరి' అంటారు. జంతువుల అడవి అని. నేను ఆడుతున్నది 2020లో వచ్చింది. బయట నవంబరైతే అందులోనూ నవంబరే. ఇప్పుడు చెట్ల మొదళ్లలో పుట్టగొడుగులు లేస్తున్నాయి.

నా దీవి పేరు కొండవాగు. ఇంగ్లీషులో పది అక్షరాలు దాటకూడదన్నారు, తొమ్మిదికి సరిపోయింది.

ఇక ఫొటోలు. వెనకాల నంబర్లు వేశాను. 1వది పోయినేడాది తీసింది. చెట్లన్నీ వరసల్లో ఉన్నాయి చూడండి. అడవి చేద్దామనే నాటాను. ఒక చెట్టు చుట్టూ ఖాళీ లేకపోతే మొక్క ఎదగదు ఈ గేమ్‌లో, అందుకని గళ్ల కాగితం మీద గీసుకుని సమదూరంలో పెట్టాను. వాగుని కాలవలా తిన్నగా తవ్వాను. అంతా అయ్యాక చూసుకుంటే ఏదో వెలితి. రెండు మూడు వారాలు అదేమిటో తెలియలేదు. చివరికి మీ మాటే గుర్తొచ్చింది. రంపచోడవరం నుంచి వస్తూ జీపులోంచి టేకు ప్లాంటేషన్ చూపించి అనేవారు కదా, "ఇది తోటమ్మా, అడవి కాదు" అని.

కిందటి నెల మెయిజి జింగు గుడికి వెళ్లాను. టోక్యో నడిబొడ్డున సుమారు 70 హెక్టార్ల అడవి మధ్య ఉంటుంది. లోపలికెళ్తే మధ్యాహ్నం కూడా చీకటిగా, చల్లగా ఉంటుంది. పాత అడవిని అలాగే వదిలేశారనుకున్నాను. కాదట నాన్నా, మొత్తం మనుషులు నాటిందేనట! 1920లో పూర్తయిన ఈ గుడి కట్టేటప్పుడు దేశం నలుమూలల నుంచీ జనం పంపిన మొక్కలు, దాదాపు లక్ష. అప్పటి ప్రధాని ఒకుమా పెద్ద గుళ్ల దగ్గర ఉన్నట్టే ఇక్కడా సుగి చెట్లే కావాలన్నాడు, మన దేవదారులా నిటారుగా పోయేవి. హోండా సెయిరోకు అనే అటవీశాస్త్రం ప్రొఫెసరు, ఆయనతో ఉన్నవాళ్లు ఒప్పుకోలేదు. ఈ నేలకి, ఈ గాలికి సుగి నిలవదు, వెడల్పాకు చెట్లే నిలుస్తాయన్నారు. ప్రధానికే కాదని చెప్పిన ఫారెస్టు వాళ్ల గురించి చదవగానే మీరే గుర్తొచ్చారు. పైన ఎత్తుగా పైన్ చెట్లు, కింద ఎదిగే వెడల్పాకు మొక్కలు పెట్టారు. పైవి పోయేసరికి కిందవి లేస్తాయని, వందేళ్ల తర్వాత అడవి ఎలా ఉండాలో ముందే బొమ్మ గీసుకున్నారు. ఆ తర్వాత చెయ్యి పెట్టలేదు.

అక్కడ ఒకాయన వెడల్పాటి చీపురుతో దారి మీది ఆకులు ఊడుస్తున్నాడు. ఊడ్చి బస్తాకెత్తడం లేదు, మళ్లీ చెట్ల కిందికే తోసేస్తున్నాడు. అక్కడి ఆకు ఒక్కటి కూడా బయటికి పోనివ్వరట. చాలాసేపు నిలబడి ఆ చీపురునే చూస్తూ ఉండిపోయాను.

ఇంటికొచ్చి వరసలన్నీ తీసేశాను. ఒక పండు తింటే చెట్టుని వేళ్లతో సహా పెకలించి ఇంకోచోట పెట్టొచ్చు ఇందులో, అలా ఒక్కొక్కటీ మార్చాను. 2, 3 ఫొటోలు అవే. ఒకచోట నాలుగు గుమిగూడి, ఇంకోచోట ఒక్కటే. దేవదారు పక్కన వెదురు, వెదురు వెనక పేరు లేని మామూలు చెట్టు. పెద్దచెట్లకి ఆనించి కావాలనే చిన్న మొక్కలు పెట్టాను. అవి ఎదగవు, అలాగే ఆగిపోతాయి. పైచెట్టు పడితే గానీ కింది మొక్క లేవదని మీరు చెప్పింది ఇదే కదా? గడ్డి పీకడం మానేశాను. పండ్లు రాలినవి రాలినట్టే వదిలేశాను. రాళ్లు పరిచిన దారి తీసేసి సన్నటి మట్టి దారి వేశాను, చెట్టు అడ్డొస్తే పక్కకి తిరిగేలా. ఊరి ఆఫీసులో కూర్చునే కుక్క ఒకటుంది, చెట్లు మరీ ఎక్కువైపోయాయని అంటోంది. అననీ.

మోకాలికి ఫిజియోథెరపీ మానేశారని అమ్మ చెప్పింది. ఎందుకు నాన్నా? బయటికి వెళ్లడం ఇష్టం లేకపోతే ఇంటికొచ్చి చేయించేవాళ్లుంటారు, డబ్బు నేను పంపుతాను. రిటైరైనప్పటి నుంచీ వరండాలోంచి కదలడం లేదట. మీరలా కూర్చుని ఉంటారని తలుచుకుంటే ఇక్కడ నాకు పని మీద మనసు పోవడం లేదు. కోప్పడకండి.

పిన్ని చెప్పిన సంబంధం సంగతి జనవరిలో వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. నేను కాదనలేదు, ఫోన్లో తేల్చే విషయం కాదన్నాను, అంతే. అమ్మకి మీరే చెప్పాలి.

4వ ఫొటోలో సముద్రం ఒడ్డున కొబ్బరి చెట్లు. ఇసకలో తప్ప మొలవవు ఈ గేమ్‌లో, అది అమ్మకి చూపించండి.

ఇప్పుడు అసలు విషయం. 5వది వాగు. కొండ మీంచి రెండు మెట్లుగా దూకుతుంది, అంతవరకు బాగానే వచ్చింది. వాగు సముద్రంలో కలిసే చోటు మనం మార్చలేం, మిగతాదంతా గడి గడిగా తవ్వుకోవచ్చు. మలుపు దగ్గరే ఎన్నిసార్లు తవ్వి పూడ్చినా చూడ్డానికి అబద్ధంలా ఉంది. పాములేరు మలుపులో మనం అన్నం తిన్న చోటు గుర్తుందా? స్టీలు క్యారేజీ గిన్నె నీళ్లలో కొట్టుకుపోతే చెల్లి ఏడ్చిన చోటు. అక్కడ ఒక పక్క ఒడ్డు కోసుకుపోయి వేళ్లు బయటికి వేలాడుతుండేవి, రెండో పక్క ఇసక మేట. బయటి వంపులో కోత, లోపలి వంపులో మేట అని మీరు చెప్పారనుకుంటున్నాను, తిరగేసి గుర్తుందేమో తెలియదు. వేళ్లు వేలాడింది ఏరుమద్దికా, నేరేడుకా? ఇసక అంచు నుంచి చెట్లు ఎంత దూరంలో మొదలయ్యేవి? వెదురు నీళ్ల దాకా దిగేదా, పైనే ఆగిపోయేదా? ఇంటర్నెట్‌లో ఎన్ని దీవులు చూసినా ఈ సంగతులు దొరకలేదు.

6వ ఫొటో ఆ మలుపే, మొత్తం తుడిచేసి ఖాళీగా ఉంచాను. దాని మీద మీరు గీయాలి. మీ ఫారెస్టు బీటు మ్యాపుల్లో గీసేవారే, అలా. వాగు, ఇసక, చెట్లు, ఏ చెట్టు ఏదో పక్కన పేరు రాయండి. గేమ్‌లో మద్ది లేకపోయినా ఫరవాలేదు, దానికి దగ్గరి చెట్టు పెడతాను. ప్రింటు మీద పెన్సిలు పడదేమో, చెల్లినడిగి మార్కరు తెప్పించుకోండి. ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలని రెండు కాపీలు పెట్టాను. గీశాక ఫొటో తీసి చెల్లి పంపిస్తుంది. లేదా ఆదివారం సాయంత్రం మీకు ఐదున్నరకి చేస్తాను, ఫోన్ అమ్మకివ్వకుండా మీరే చెప్పండి.

మీ పెద్దమ్మాయి

తా.క. అమ్మా, మాగాయ ఈసారి చిన్న సీసాల్లో పెట్టు, మూత మీద టేపు చుట్టు. సగం అయిపోయింది అప్పుడే.