ఎన్ని మార్కులని కాక, ఎక్కడ ఆగావని అడగండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షా ఫలితాలు వెలువడిన ప్రతిసారీ మా పర్లాకిమిడి కూడళ్లలో ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఆ పిల్లల శ్రమ తక్కువదని నేను అనను. కానీ తనకు ఏది అర్థమైందో, ఏది కాలేదో పిల్లవాడికి తెలుసా అన్న ప్రశ్న మాత్రం ఇంట్లోనూ బడిలోనూ ఎవరూ వేయడం లేదు.

మా వీధి అరుగు మీద సాయంత్రాలు లెక్కలు చెప్పించుకునే ఏడో తరగతి బాలుడొకడు 1/2కు 1/3 కలిపి, క.సా.గు. పద్ధతిలో 5/6 అని తప్పు లేకుండా రాశాడు. బడి నోటుపుస్తకంలో అలాంటి లెక్కలన్నిటికీ ఎర్ర టిక్కులే ఉన్నాయి. పైవి పైవీ, కిందివి కిందివీ కూడి 2/5 అని ఎందుకు రాయకూడదని అడిగితే, చాలాసేపు నేల చూసి, "తెలీదు మాస్టారూ, చెప్పినట్టు చేసేస్తాను" అన్నాడు. నేనేమీ చెప్పలేదు. కాసేపటికి తనే తలెత్తి, "రెండు ఐదోవంతులంటే సగం కంటే తక్కువే కదా, సగానికి ఇంకొంత కలిపితే ఎలా తగ్గుతుంది?" అన్నాడు. మర్నాడు ఎవరూ అడగకుండానే సొంతంగా కల్పించుకున్న లెక్కలతో ఒక పేజీ నింపి తెచ్చాడు. "తెలీదు" అని ఒప్పుకున్న తరువాతే వాడికి ఆ ఆసక్తి పుట్టిందని గమనించగలరు.

బహుమతుల ఆశ ఈ ఆసక్తిని పెంచుతుందని మనం నమ్ముతాం. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లలలో కొందరికి, గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొద్ది రోజుల తరువాత తీరిక సమయంలో ఆ పిల్లలే మిగిలినవారి కంటే తక్కువగా బొమ్మల జోలికి వెళ్లారు. చెప్పకుండా ఇచ్చిన బహుమతి మాత్రం అంత చేటు చేయలేదు.

మా ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ప్రాంతంలో మరో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు కావడంతో, తనకు తట్టిన సందేహాన్ని ఏ భాషలో పైకి అనాలో తెలియక పిల్లలు ఊరుకుంటున్నారు. ఆ బాలుడు నాతో అన్న మాటను తరగతిలో అనగలిగేవాడా అని నాకు అనుమానమే. ప్రాథమిక దశలో భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన వసతులు కల్పించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ చెబుతోంది. ఇదే ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు, సవర గిరిజన పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలన్న తపనతో తామే సవర భాష నేర్చుకున్నారు.

గజపతి, గంజాం, రాయగడ జిల్లాల విద్యాధికారులను, ప్రధానోపాధ్యాయులను నేను కోరేది ఒక్కటే. రోజూ చివరి పిరియడ్‌లో పది నిమిషాలు కేటాయించి, ఆ రోజు తనకు అర్థమైనదీ, ఆగిపోయిన చోటూ ప్రతి విద్యార్థి చేత తన ఇంటి భాషలో రాయించండి. ఆ కాగితానికి మార్కులు వేయవద్దు, తల్లిదండ్రుల సంతకమూ అడగవద్దు. మర్నాటి పాఠం మొదలుపెట్టే ముందు ఉపాధ్యాయులు ఒకసారి చదివితే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.