భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడికి బహిరంగ లేఖ

అధ్యక్షుల వారికి నమస్కారం.

గచ్చిబౌలి స్టేడియంలో గొంతు పోయేలా అరిచిన మామూలు అభిమానిని నేను. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచింది. 2025లో అదే క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది, అద్దె ఇల్లు ఖాళీ చేసినట్టు. అసలు వచ్చింది కూడా అలాగే లెండి, 2019లో పుణే జట్టు మూతపడితే ఆ చోటులోకి.

జర్మనీలో 50+1 నిబంధన ఉంది. పెట్టుబడిదారు ఎంత డబ్బు పెట్టినా ఓట్లలో మెజారిటీ క్లబ్ సభ్యులదే. లెవర్కూసెన్, వోల్ఫ్స్‌బర్గ్‌ వంటి క్లబ్బులకు మినహాయింపులూ ఉన్నాయి. ఇక్కడ రాత్రికి రాత్రి అలాంటి సభ్యత్వాలు పుట్టవు, నాకూ తెలుసు.

కానీ 2010లో మీ సమాఖ్య కుదుర్చుకున్న 15 ఏళ్ల వాణిజ్య హక్కుల ఒప్పందం ముగిసింది. నియమాలు తిరగరాసే వీలు ఇప్పుడే ఉంది. ఊరు, పేరు, రంగులు మార్చాలంటే సీజన్ టికెట్ కొన్నవాళ్ల ఓటు తప్పనిసరి చేయండి. క్లబ్ బోర్డులో వాళ్లకు ఒక్క కుర్చీ ఇవ్వండి. ఆటగాళ్ల జీతాలకు క్లబ్బుల నుంచి ముందే బ్యాంకు గ్యారంటీ తీసుకోండి.

వీటిలో ఏది కుదరదో, ఎందుకు కుదరదో బహిరంగంగానే చెప్పండి.

ఇట్లు,
ఒక హైదరాబాద్ అభిమాని