ఆరోగ్య శాఖ మంత్రి గారికి: మా అమ్మ మెసేజ్‌లు ఎవరికి పోతున్నాయో తెలుసా?

అయ్యా, నమస్కారం.

మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి మూడూ అర్జీలు. రెండింటికి రసీదు ఇచ్చారు, మూడోదానికి అదీ లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అపాయింట్‌మెంట్‌కు ముందు రోగి ఫోన్‌కు మెసేజ్ పంపే పద్ధతి గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. మంచి పద్ధతే. మా చిక్కల్లా ఒక్కటే. ఆ మెసేజ్ మాకు రాదు.

మా అమ్మకు నీటికాసులు. పోయిన చూపు ఎలాగూ తిరిగి రాని జబ్బు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. వేళకు వెళ్లి కంట్లో ఒత్తిడి చూపించుకోవాలి. ‘తేదీ మేమే మెసేజ్ పెడతాం, మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు’ అన్నారు కదా అని ధీమాగా కూర్చున్నాం. నెలలు గడిచిపోయాయి. అనుమానం వచ్చి ఆస్పత్రికి వెళ్తే, అప్పటికే రెండు తేదీలు దాటిపోయాయట. రెండింటి పక్కనా ‘రోగి రాలేదు’ అని రాసి ఉంది. తప్పు మా అమ్మదన్నమాట!

కౌంటర్‌లోని అబ్బాయి కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు. “పంపించామండీ, డెలివర్డ్ అని కూడా ఉంది చూడండి” అన్నాడు. పక్కనే ఉన్న నంబరు చూస్తే మా నాన్నది. నాన్న పోయి రెండేళ్లయింది. రీచార్జి చేయక ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. అక్కడే నిలబడి ఆ నంబరుకు ఫోన్ చేశాను. తీసేయడానికి మనసు రాక నా ఫోన్‌లో అది ఇంకా ‘నాన్న’ అనే ఉంది. ఎవరో ఎత్తి “హలో” అన్నారు. కాసేపు నాకు మాట రాలేదు.

విషయం చెప్పగానే ఆయన, “కంటి ఆస్పత్రి మెసేజ్‌లా అండీ? వస్తూనే ఉన్నాయి. రాంగ్ నంబర్ అని తిరిగి పెడితే పోవడం లేదు. ఇంతకీ ఆవిడ చూపు ఎలా ఉంది?” అన్నారు.

మీ శాఖలో ఇంతవరకూ ఎవరూ మమ్మల్ని అడగని మాట అది.

నంబరు మార్చమని కౌంటర్‌లో అడిగితే, అది తమ చేతుల్లో లేదు, పైవాళ్లకు రాయమన్నారు. పైవాళ్లకు రాశాం. పైవాళ్లు ఆస్పత్రిలోనే అడగమన్నారు. మళ్లీ రాశాం. ఈలోగా మా అమ్మ పేరు, జబ్బు, డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు, అన్నీ ముక్కూమొహం తెలియని మనిషికి ఠంచనుగా చేరుతున్నాయి. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి మెసేజ్ రాగానే మాకు ఫోన్ చేసి చెబుతున్నారు. మీ రిమైండర్ వ్యవస్థలో పనిచేస్తున్న భాగం ఏదైనా ఉంటే అది ఆయనే. జీతం ఏమైనా ఇప్పించగలరేమో చూడండి.

2013లో కాక్రేన్ అని, వైద్య పరిశోధనలను సమీక్షించే సంస్థ వాళ్లు దీనిమీద జరిగిన పరిశోధనలన్నీ దగ్గరపెట్టి చూశారు. ఏ రిమైండరూ లేనిచోట 67.8 శాతం మంది అపాయింట్‌మెంట్‌కు వస్తే, మెసేజ్ పంపినచోట 78.6 శాతం, ఫోన్ చేసి చెప్పినచోట 80.3 శాతం వచ్చారు. మెసేజ్‌కూ మనిషి గొంతుకూ తేడా అంతంతమాత్రమే, ఖర్చు మాత్రం మెసేజ్‌కే తక్కువ. కాదనను. కాకపోతే ఆ మెసేజ్‌లు రోగులకే చేరి ఉంటాయి కదండీ! మీ డెలివర్డ్ లెక్కలో మా నాన్న నంబరు లాంటివి ఎన్ని ఉన్నాయో ఎవరైనా చూశారా?

పైగా మెసేజ్ ఇంగ్లిషులో. తెలుగులో పంపమంటే, ఇంగ్లిషులో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70కి మించవు అన్నారు. నిజమే, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి, ‘స్త్రీ’ అంటేనే ఆరు. అయినా ‘రేపు 10కి కంటి పరీక్ష, గది 14’ అని రాసి లెక్కపెట్టాను. ఖాళీలతో కలిపి 29 అయింది. మిగిలిన 41లో మీ శుభాకాంక్షలు కూడా పెట్టుకోవచ్చు.

ఆ తర్వాత పరీక్ష చేసిన డాక్టరు గారు, అమ్మకు పక్క చూపు మునుపటికంటే తగ్గిందన్నారు. ఆ రెండుసార్లు చూపించుకుని ఉంటే తగ్గేది కాదా అని అడిగాను. ఆవిడ ఏమీ అనలేదు, చుక్కల మందు మార్చి రాశారు.

దయచేసి నంబరు మార్చండి. వెళ్లినప్పుడల్లా ‘ఇదే నంబరా?’ అని ఒక్క మాట అడగమనండి. అవతలివాళ్లు రాంగ్ నంబర్ అంటే వినే దారి పెట్టండి. రాలేదని రాసేముందు ఒక్కసారి ఫోన్ చేయించండి. ముందు నంబరు మార్చండి చాలు, మిగతావి తర్వాత చూద్దాం.

తొందర ఎందుకంటే, మొన్న ఆయన మళ్లీ ఫోన్ చేశారు. ఈ నెలాఖరుకు ఆ సిమ్ తీసేస్తున్నారట. ముందే చెబితే మంచిదని చేశారట. అమ్మకు వచ్చే నెలలో మళ్లీ చూపించాలి.

ఇట్లు,
మీ రికార్డుల్లో రెండుసార్లు ‘రాని’ రోగి తాలూకు మనిషి