మనలో మనకే ఈ చిన్నచూపా?

సంపాదకులకు నమస్కారం.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. బయటివాళ్ల వెక్కిరింపుల గురించి పత్రికలు చాలానే రాశాయి. గేలు, అంటే మగవాళ్లనే ఇష్టపడే మగవాళ్లమైన మేం, ఒకరినొకరం చేసుకునే అవమానాల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

డేటింగ్ యాప్‌లలో ప్రొఫైళ్లు చూడండి. ‘మగాడిలా ఉండేవాళ్లే మెసేజ్ చేయండి’, ‘లావుగా ఉన్నవాళ్లు, నలభై దాటినవాళ్లు వద్దు’. గ్రైండర్ అనే గే డేటింగ్ యాప్, జాతిని బట్టి ప్రొఫైళ్లను వడగట్టే ఫిల్టర్ తీసేస్తామని 2020లో ప్రకటించింది. మన దగ్గర దానికి ఫిల్టర్ కూడా అక్కర్లేదు, రంగూ కులమూ చాట్‌లోనే అడిగేస్తారు. ఎవరి ఇష్టం వారిది, కాదనను. నచ్చకపోతే ఊరుకోవచ్చు కదా, ఆ అయిష్టాన్ని బోర్డులా తగిలించడం ఎందుకు?

నడకలో, మాటలో సుకుమారం ఉన్న అబ్బాయిని స్కూల్లో ఏ మాటలతో ఏడిపించారో, అవే మాటలు మనవాళ్లూ అంటే అతను ఎక్కడికి పోవాలి? తీర్పు రాకముందు వీధుల్లో, పోలీసుల చేతుల్లో ఎక్కువ దెబ్బలు తిన్నది తమను దాచుకోలేని ఇలాంటివాళ్లూ, హిజ్రాలే. వాళ్లని ఇప్పుడు ‘మన పరువు తీస్తున్నారు’ అనడం నాకు చాలా బాధగా ఉంది.

హైదరాబాద్‌లో ప్రైడ్ వాక్ (మాలాంటివాళ్లు గర్వంగా బయటికొచ్చి చేసే ఊరేగింపు) నిర్వహించేవాళ్లు ఈ విషయం మీద బహిరంగంగా చర్చ పెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాద్