నూరేళ్ల సైనికుడి వేడుకలో ఆయన మాటకు చోటివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

పత్రికల్లో అప్పుడప్పుడు ఒక ఫొటో కనిపిస్తుంది. నూరేళ్లు పూర్తిచేసుకున్న మాజీ సైనికుడొకరు పూలతో అలంకరించిన కుర్చీలో కూర్చుని ఉంటారు. ఆయన ఛాతీ మీద పతకాలు మెరుస్తుంటాయి, చుట్టూ పదిపదిహేను మంది నిలబడి కెమెరా వైపు చూస్తుంటారు. కింద ఉన్న వార్తలో హాజరైన ప్రముఖుల పేర్లు, హోదాలతో సహా వరసగా ఉంటాయి. ఆ పెద్దాయన ఏ దళంలో పనిచేశారో, ఏ ప్రాంతంలో ఉన్నారో, అక్కడ ఆయన చేతిలో ఉన్నది తుపాకీయో లారీ స్టీరింగో వంటశాల గరిటెయో మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఇటువంటి వేడుకలు జరుపుకునే కుటుంబాలతోనూ, వాటిని అచ్చువేసే మీవంటి పత్రికలతోనూ నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. ఆనాటికి పద్దెనిమిదేళ్లు వచ్చిన కుర్రవాడికి 2027 నాటికి నూరేళ్లు పూర్తవుతాయి. ఆ యుద్ధంలో ఒక్క అమెరికా తరఫునే దాదాపు 1 కోటి 60 లక్షల మంది పనిచేశారు. ఎవరినీ నిర్బంధంగా చేర్చుకోకుండానే అప్పటి భారత సైన్యం 25 లక్షలకు చేరింది. అన్ని దేశాలవారినీ కలిపితే కోట్లలో ఉండిన ఆ తరంలో ఇప్పటికీ మిగిలినవారు ఏ దేశంలో చూసినా నూరేళ్ల వయసుకు అటో ఇటో ఉన్నవారే. అంతకు ముందు తరం ఎలా కనుమరుగైందో మన కళ్లముందే చూశాం. మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల్లో ఫ్రాన్స్‌కు చెందిన ఆఖరివాడు లజార్ పోంటిచెల్లి 2008లోను, బ్రిటన్ తరఫున కందకాల్లో పోరాడినవారిలో ఆఖరివాడు హ్యారీ ప్యాచ్ 2009లోను, అమెరికాకు చెందిన ఫ్రాంక్ బకల్స్ 2011లోను కన్నుమూశారు. ముగ్గురూ నూటపదేళ్లు చూసినవారు. 2012లో ఫ్లోరెన్స్ గ్రీన్ మరణించడంతో, తెలిసినంతవరకు ఆ యుద్ధంలో సైనిక సేవ చేసిన మనిషంటూ భూమి మీద ఎవరూ మిగల్లేదు.

గ్రీన్ గారి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆమె బ్రిటన్ మహిళా వైమానిక దళంలో చేరి, అధికారుల భోజనశాలలో వడ్డన పని చేశారు. నూరో పుట్టినరోజు దాటిపోయిన చాలా ఏళ్ల దాకా ఆమెను మాజీ సైనికురాలిగా లోకం లెక్కలోకి తీసుకోలేదు. పాత రికార్డుల్లో ఆమె పేరు బయటపడ్డాక గాని ఆ గుర్తింపు రాలేదు. యుద్ధమంటే తుపాకీ పేల్చడమే అన్న అభిప్రాయం మనలో అంత బలంగా నాటుకుపోయింది. లారీలు నడిపినవారు, గాయాలకు కట్లు కట్టినవారు, రాత్రంతా వైర్‌లెస్ ముందు కూర్చున్నవారు, వంతెనలు కట్టినవారు, వంట చేసినవారు లేకుండా ఏ సైన్యమూ ఒక్క రోజు కూడా నిలబడలేదు. అయినా వేడుక నాడు బంధువులు అభిమానం కొద్దీ స్టోర్‌కీపరును ఫిరంగిదళ వీరుణ్ణి చేస్తారు, ఆ మాటే మర్నాడు పత్రికలో అచ్చవుతుంది. చేయని సాహసాన్ని నలుగురిలో తన తలకు చుడుతుంటే కాదనలేక, ఔననలేక ఆ పెద్దాయన పడే ఇబ్బంది ఎవరి కంటా పడదు.

మా పెదతాతగారి నూరో పుట్టినరోజు ఈమధ్యనే జరిగింది. యుద్ధకాలంలో ఆయన సైన్యంలో లారీ డ్రైవరు. బంధుమిత్రులందరి కోరిక మీద పెద్ద హాలు తీసుకున్నారు, మైకులు పెట్టారు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. మొదటి వక్త మైకు అందుకోగానే స్పీకర్లు కీచుమన్నాయి. పెద్దాయన మెల్లగా చెవి మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత తనను ఆకాశానికెత్తిన ప్రతి మాటకూ చిరునవ్వుతో తలాడించారు గాని, ఒక్క ముక్క కూడా ఆయన చెవిన పడలేదు. వేదిక దిగాక గోడవారగా కుర్చీ వేసి కూర్చోబెడితే, మునిమనవరాలు ఒక పాత గ్రూపు ఫొటో తెచ్చి ఒళ్లో పెట్టింది. అప్పుడు తీశారు జేబులోంచి మిషను. పై వరస నుంచి ఒక్కొక్క ముఖం మీదా వేలు పెట్టి పేర్లు చెప్పుకుంటూ వచ్చారు. ఎవడు బాగా పాడేవాడో, ఎవడు ఎవడి బూట్లు దాచి ఏడిపించేవాడో అన్నీ చెప్పారు. రెండో వరసలో ఒక ముఖం దగ్గర వేలు ఆగింది. ‘వీడు నా బండిలోనే ఉన్నాడు’ అని ఊరుకున్నారు. ఆ పిల్ల కూడా మరేమీ అడగలేదు. అంతసేపూ హాలులో తిరుగుతున్న వందమందిలో ఆ మాటలు విన్నవాళ్లం నలుగురైదుగురమే.

ఆ పిల్ల అడగకపోవడం నాకు ఎంతో మర్యాదగా తోచింది. హ్యారీ ప్యాచ్ జీవితం తెలిసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1917 సెప్టెంబరు 22న ఆయనతో పాటు ఒకే మెషిన్‌గన్ జట్టులో ఉన్న ముగ్గురు స్నేహితులు ఒక్క ఫిరంగి గుండు దెబ్బకు చనిపోయారు, ఆయన గాయంతో బయటపడ్డారు. ఆ తర్వాత దాదాపు ఎనభై ఏళ్లు యుద్ధం గురించి పెదవి విప్పలేదు. 1998లో, నూరేళ్ల వయసులో, మొదటిసారి నోరు తెరిచారు. దేశమంతా పాటించే సంస్మరణ దినం కన్నా ఆ సెప్టెంబరు 22నే ఆయన తన సంస్మరణ దినంగా తలచేవారు. యుద్ధం మనసు మీద మిగిల్చే గాయానికి వైద్యులు ప్రత్యేకమైన రోగనిర్ధారణగా తమ పుస్తకాల్లో చోటిచ్చింది 1980లో. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధంలో పాల్గొన్నవారిలో చిన్నవారు కూడా యాభై దాటేశారు. తమకేమైందో చెప్పుకోవడానికి మాట లేకుండానే వారి నడివయసంతా గడిచిపోయింది. ఇటువంటి మనిషిని పుట్టినరోజు నాడు వేదిక మీద నిలబెట్టి, ‘యుద్ధంలో మరచిపోలేని సంఘటన ఒకటి చెప్పండి’ అని మైకు నోటి దగ్గర పెట్టడం ఎంత మోటుతనమో వేరే చెప్పనక్కరలేదు. బాణసంచా, బెలూన్లు పేల్చడం వంటి సరదాలు కూడా ఆ ఒక్కరోజు మానుకుంటే బాగుంటుంది. ఆయన పైకి ఏమీ అనకపోవచ్చు, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్న వేళ్లను చూస్తే చాలు.

అంటే వేడుకలే వద్దని నా ఉద్దేశం కాదు. నూరేళ్లు బతికిన మనిషికి సొంతవాళ్లంతా ఒక్కచోట కనిపించడం కన్నా సంతోషం ఏముంటుంది? అయితే ఆ సంతోషం ఆయన ఓపికకు తగ్గట్టుగా ఉండాలి. ఆయన చురుగ్గా ఉండే వేళ ఏదో ఇంట్లోవాళ్లకు తెలుసు, ఆ వేళకే పెట్టుకోవాలి. అందరూ ఒక్కసారిగా మీదపడకుండా నలుగురైదుగురు చొప్పున వెళ్లి, బాగా వినిపించే చెవి వైపు కూర్చుని మాట్లాడితే ఉపన్యాసాల అవసరమే ఉండదు. పతకాలు పెట్టుకోవాలో వద్దో ఆయన ఇష్టం. అన్నిటికీ మించి, ఆ రోజు ఏం చేయాలని ఉందో ముందుగా ఆయననే అడగాలి. బ్రిటన్‌లో టామ్ మూర్ అనే మాజీ సైనికాధికారి, బర్మా రంగంలో కూడా పనిచేసినవాడు, 2020లో తన నూరో పుట్టినరోజు లోగా చేతి ఊతతో తోటలో వందసార్లు అటూఇటూ నడిచి ఆరోగ్య సేవల సిబ్బంది కోసం విరాళాలు సేకరించాలని సంకల్పించారు. వెయ్యి పౌండ్లు వస్తే చాలనుకున్నది పుట్టినరోజు గడిచేసరికి 3 కోట్ల 20 లక్షల పౌండ్లు దాటింది, లక్షకు పైగా శుభాకాంక్షల కార్డులు వచ్చాయి. అంత పెద్ద ఎత్తున అందరికీ సాధ్యం కాదు, కానక్కరలేదు కూడా. అందుకోవడమే తప్ప ఇవ్వడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదన్న భావన ముసలితనంలో మనిషిని చాలా కుంగదీస్తుంది. ఆ పూట ఒక మొక్కకు నీళ్లు పోయడమో, ఒక విద్యార్థి చేతికి పుస్తకం అందించడమో ఆయన చేతుల మీదుగా జరిగినా చాలు.

చనిపోయిన సహచరుల తలపు రాకుండా ఇటువంటి వేడుక గడవదు. రాకూడదని కప్పిపుచ్చే ప్రయత్నం చేయడం అనవసరం. పోంటిచెల్లి తనకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు వద్దని మొదట నిరాకరించారు. చివరికి, చనిపోయిన తన తోటి సైనికులందరి పేరిట నిరాడంబరంగా జరిపితేనే సమ్మతమన్నారు. బతికి బట్టకట్టిన సైనికుడు తనకు దక్కే గౌరవాన్ని తన ఒక్కడిదిగా భావించలేడు. అతిథుల పిలుపుల పట్టీలో ఆయన సహచరుల పిల్లలు, మనవల పేర్లు చేరిస్తే ఆ బరువు కొంత తేలికవుతుంది. ఆ రోజులు ఎరిగినవాడు శత్రుపక్షంవాడైనా ఫరవాలేదు. ప్యాచ్ 2004లో, 1917 నాటి తన పోరాటంలోనే జర్మన్ల పక్షాన ఉండిన చార్లెస్ కూంట్జ్‌ను కలిసి చేయి కలిపారు. అప్పటికి ఇద్దరూ నూరు దాటినవారే.

ఇక చేయవలసిన పనుల్లో వాయిదా వేయకూడనిది ఒకటుంది. అమెరికా కాంగ్రెస్ 2000లో చేసిన చట్టంతో అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మాజీ సైనికుల మాటలను రికార్డు చేసి దాచే కార్యక్రమం మొదలుపెట్టింది. కుటుంబసభ్యులే కూర్చోబెట్టి అడిగి, అరగంటకు తగ్గకుండా రికార్డు చేసి పంపవచ్చు. మన ఇళ్లలో ప్రతి చేతిలోనూ రికార్డు చేయగల ఫోను ఉంది. ఆ ఫోనులు వేడుక నాడు కేకు కోసే క్షణాన్ని అరవై కోణాల్లో పట్టుకుంటాయి, ఆయన గొంతును మాత్రం పట్టుకోవు. యుద్ధం దగ్గరే మొదలుపెట్టనక్కరలేదు. సైన్యంలో చేరిన రోజు ఎలా గడిచింది, మొదటి జీతం ఎవరికి పంపారు, ఇంటికి తిరిగివచ్చినప్పుడు తలుపు ఎవరు తీశారు వంటి ప్రశ్నలతో మొదలుపెడితే తక్కినది ఆయనకు చెప్పాలనిపిస్తే తనంతట వస్తుంది. పాత ఫొటోల వెనక పేర్లు రాసేటప్పుడు బాల్‌పెన్ను వద్దు, మెత్తని పెన్సిలుతో రాయాలి. సిరా కాలక్రమంలో ముందువైపుకు దిగవచ్చు.

మీ పత్రికకు నా విజ్ఞప్తి ఇది. ఇటువంటి వేడుక గురించి వార్త వచ్చినప్పుడు అతిథుల పేర్లు రెండు తగ్గినా ఫరవాలేదు, ఆ మాజీ సైనికుడు పనిచేసిన దళం, చేసిన పని, ఉన్న ప్రాంతం, సంవత్సరాలు ఆయన డిశ్చార్జి పత్రం చూసి సరిగా వేయండి. వీలైతే వేడుక అయ్యాక కాకుండా కొన్ని వారాల ముందే ఆయన అనుమతితో చిన్న ప్రకటన వేసి, అదే దళంలో పనిచేసినవారు గాని, వారి కుటుంబాలు గాని ఉంటే పత్రిక కార్యాలయానికి రాయమని కోరండి. వచ్చిన ఉత్తరాలను ఆ కుటుంబానికి అందజేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు