మాట్లాడితే ప్రాణం పోదు, బావా

సోంపేట

ఒరేయ్ బావా,

జవాబు ఆలస్యమైంది. తిట్టుకుని ఉంటావు, తిట్టుకో. ఈ మధ్య ఊళ్లో నాకు చావు కబుర్ల మనిషినని పేరొచ్చింది. అక్కయ్య అయితే నేను గుమ్మం ఎక్కగానే ‘శుభమా అని వచ్చావు, ఆ మాటలు ఎత్తకు, పైన తథాస్తు దేవతలుంటారు’ అంటోంది.

ఇదంతా మా చిన్నాన్న వల్ల. ఆయన కిడ్నీల సంగతి నీకు తెలుసు. ఉద్దానంలో ఇది వింత కాదు. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా డయాలసిస్ మాటే. నీళ్లా, మట్టా, మరొకటా, ఇన్ని పరిశోధనల తర్వాతా కారణం ఇదీ అని తేలలేదు. వారానికి మూడుసార్లు పలాస వెళ్లి, నాలుగేసి గంటలు పడుకుని వస్తాడు. పెరట్లో తను నాటిన కొబ్బరిచెట్లే, కానీ పొటాషియం పెరుగుతుందని ఆ నీళ్లు తాగనివ్వరు. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమచేతి మీద ఉబ్బిన నరాన్ని నిమురుకుంటూ అన్నాడు: ‘నడవగలిగినన్నాళ్లు వెళ్తాను. మంచం పట్టాక తిప్పకండి. గొంతులో గొట్టాలు వద్దు. ఒక బోండాం కొట్టి ఇవ్వండి, చాలు.’ పిన్ని లోపలికి వెళ్లిపోయింది. తమ్ముడు ఫోను తీశాడు. మిగిలినవాళ్లం ‘అవేం మాటలు’ అని ఆయన నోరు మూయించబోయాం. ఆయన మూయలేదు.

మనవాళ్లకు చావు గురించి నోరు పెగలదంటారు గానీ, పోయాక చూడు! పదకొండో రోజు బూరెలుండాలా, అస్థికలు శ్రీకూర్మంలో కలపాలా గోదావరికి తీసుకెళ్లాలా, పాడె ఎవరు మోయలేదు, ఏళ్ల తరబడి తగువులే. గుళ్లో ‘అనాయాసేన మరణం’ అని దండం పెట్టి మరీ అడుగుతాం. దేవుడికి చెప్పుకున్నది కొడుక్కి చెప్పం. ఆ కొడుకేమో ఐసీయూ బయట కూర్చుని, లోకం ఏమంటుందోనని ‘ఎంతైనా పెడతాను డాక్టరుగారూ’ అంటాడు. పొలాలు అమ్ముడుపోయేది అక్కడే.

కోలుకునే ఆశ లేనప్పుడు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. మొదట మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, ఎవరు తిరుగుతారు? 2023లో సడలించి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలన్నారు. వైద్యం ఆపేముందు రెండు వైద్య బృందాలు ఒప్పుకోవాలి కాబట్టి, ఆస్తికోసం తొందరపడేవాళ్ల ఆటలు అంత సులువుగా సాగవు. చిన్నాన్న కాగితం పట్టుకుని ఒక హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. సర్టిఫికెట్ల నకళ్ల మీద చూడకుండా సంతకాలు పెట్టే మనిషి, దీన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, ‘మంగళవారం వద్దు, గురువారం రండి’ అన్నాడు! గురువారం పెట్టాడులే.

లండన్‌లో 2011లో జాన్ అండర్‌వుడ్ అనే ఆయన కొందరిని ఇంటికి పిలిచి, టీ, కేకులు పెట్టి, చావు గురించి మాట్లాడుకోమన్నాడట. తర్వాత అలాంటి కూటాలు చాలా దేశాలకు పాకాయి. మేమూ ఆదివారాలు గ్రంథాలయం వరండాలో కూర్చుంటున్నాం, టీ, పకోడీలతో. మొదటిరోజు ఒక పెద్దమనిషి ఆత్మకు నాశనం లేదంటూ గంటసేపు వాయించాడు. వెనక నుంచి ఒక మామ్మ ‘ఆత్మ సంగతి సరే నాయనా, ఆక్సిజన్ సంగతి చెప్పు’ అంది. ఆ దెబ్బతో అసలు మాటలు బయటపడ్డాయి. ఆమెకు చావంటే భయం లేదట, కోడలి చేత ఒళ్లు కడిగించుకోవడమంటేనే భయమట. ఒక రిటైర్డ్ కండక్టరు, క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఉంటుందని భార్య పోయాకే తెలిసిందన్నాడు. 2014లో చట్టం సవరించాక దాని అనుమతులు తేలికయ్యాయి. అయినా ఉందని తెలిస్తేనే కదా అడిగేది! ఆయన పకోడీ ముట్టలేదు.

మీ నాన్నగారిని ఎప్పుడైనా అడిగావా? ఎనభై దాటిన మనిషి, విజయనగరంలో ఒంటరిగా ఉన్నారు. సిరిమానుకు ఎలాగూ వస్తావు. జాతర అయ్యాక, భోజనాల దగ్గర మెల్లగా కదుపు. నీకు నోరు రాకపోతే నేనొస్తాను. పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాను. గుత్తివంకాయ చేయించు.

నీ
బావ